‘దెలెందా’: ఒక లాటిన్ కృదంతం – రూపం, అర్థం, చరిత్ర

‘కార్తాగో దెలెందా ఎస్త్’ అనే వాక్యం రోమన్ రాజనీతిజ్ఞుడు కేటో పేరుతో లోకంలో స్థిరపడింది. కార్తేజ్ నగరం ధ్వంసం కావలసిందేనని దీని భావం. అయితే ఈ మూడు పదాల రూపంలో ఇది ఏ ప్రాచీన గ్రంథంలోనూ కనిపించదు. ప్రచారంలో ఉన్న రూపానికీ ప్రాచీనుల కథనాలకూ గల వ్యాకరణ భేదం చరిత్ర దృష్ట్యా పరిశీలించదగినది.

‘దెలేరే’ క్రియకు నాశనం చేయడం, తుడిచివేయడం అని అర్థాలు. మైనపు పలకపై రాసినదాన్ని చెరపడానికీ రోమన్లు ఈ క్రియనే వాడారు. దీనికి ‘-న్ద్-’ ప్రత్యయం చేరగా ‘దెలెందుస్’ అనే కృదంతం ఏర్పడింది. ఇది లింగవచనవిభక్తులలో విశేష్యాన్ని అనుసరిస్తుంది. ‘కార్తాగో’ స్త్రీలింగం కనుక ‘దెలెందా’ అయింది. సంస్కృతంలో ‘నగరీ ధ్వంసనీయా’ అనడం దీనికి సన్నిహితమైన పోలిక. ఈ సామ్యం అర్థానికీ అన్వయానికీ పరిమితం. లాటిన్ ప్రత్యయం అనీయర్‌కు సజాతీయం కాదు. కర్తను చెప్పవలసినప్పుడు సంస్కృతం తృతీయనో షష్ఠినో వాడితే, లాటిన్ సాధారణంగా చతుర్థిని వాడుతుంది. కర్తను చెప్పకపోయినా రెండింటిలోనూ వాక్యం పూర్ణమే.

‘-న్ద్-’ రూపాలన్నిటికీ విధ్యర్థం లేదు. అనుసరించేది, రెండవది అనే అర్థాలు గల ‘సెకుందుస్’లో ఆవశ్యకత స్ఫురించదు. విధ్యర్థం మాత్రం శాసనభాషలో బలంగా నిలిచింది. రాష్ట్రపాలకులు అక్రమంగా గుంజిన సొమ్మును విచారించేందుకు క్రీ.పూ. 149లో కల్పూర్నియా చట్టం స్థిరన్యాయస్థానాన్ని ఏర్పరచింది. ఆ నేరానికి పేరైన ‘రెపెతుందాయ్’, అంటే ‘తిరిగి రాబట్టవలసినవి’, ఇదే కృదంతపు ప్రాచీనరూపం. కార్తేజ్‌పై మూడవ ప్యూనిక్ యుద్ధం మొదలైనదీ, కేటో మరణించినదీ ఆ సంవత్సరమే.

ప్లినీ, ఫ్లోరస్ కేటో మాటను పరోక్షకథనంగా చెప్పారు. అక్కడ కృదంతం ‘దెలెందమ్’ అనే ద్వితీయారూపంలో ఉండి, పలకడాన్ని సూచించే క్రియకు లోబడి ఉంటుంది. గ్రీకులో రాసిన ప్లూటార్క్ కథనంలో ఇటువంటి కృదంతమే లేదు. కార్తేజ్ ఉండరాదని తనకు తోస్తున్నదని కేటో అన్నట్లు మాత్రమే ఉంది. కార్తేజ్ ఉండాలని స్కిపియో నాసికా ప్రతిగా వాదించినట్లు కూడా ప్లూటార్కే పేర్కొన్నాడు.

ఈ భేదం స్వల్పమైనది కాదు. ప్రాచీన కథనాలలో ధ్వంసం ఒక సభ్యుని అభిప్రాయం. దానికి ప్రత్యభిప్రాయం ఉంది. ప్రచారంలోని వాక్యంలో వక్త లోపించాడు, ధ్వంసం చేసే కర్తా లోపించాడు. ఆవశ్యకత ఆ నగరానికే సహజమైన విశేషణంగా మారింది. క్రీ.పూ. 146లో స్కిపియో ఎమిలియానస్ సేన కార్తేజ్‌ను నేలమట్టం చేసింది. అది అనివార్యమని చెప్పడానికి ఈ సంక్షిప్తవాక్యాన్ని సాక్ష్యంగా గ్రహిస్తే, సభలో జరిగిన వాదం మరుగున పడుతుంది. కృదంతం దాచిన కర్తను వెలికితీసి చూపడం చరిత్రకారుని బాధ్యత.