ఫో: ఒక గిన్నె, రెండు వ్యుత్పత్తులు

బియ్యపు సేమియాను గోమాంసపు వేడి రసములో తేల్చి వడ్డించు వంటకమునకు వియత్నామీయులు పెట్టిన పేరు ‘ఫో’; హనోయివారు దానిని ప్రశ్నించు కంఠమువలె దిగి లేచు స్వరముతో పలుకుదురు. ఫ్రెంచివారి మాంసపు పులుసగు ‘పొతొఫ’లోని తుదిపదమే దీనికి మూలమని కొందరందురు గాని, 1931లో వెలువడిన వియత్నామీయ నిఘంటువు దీనిని, పిండి యను అర్థముగల చైనామూలపు ‘ఫన్’ శబ్దమునుండి పుట్టినదిగా చెప్పినది. 1954లో దేశము రెండుగా చీలి, ఉత్తరాదివారు లక్షలాదిగా దక్షిణమునకు తరలిపోగా, పేరు నిలిచి రుచి మారెను: హనోయి పద్ధతి నెరపు అంగడిలో రసము తేటగానుండి ఉల్లికాడలతో తృప్తిపడును, సైగాన్ పద్ధతి అంగడిలో రసము కొంత తీపెక్కి, మొలకలును తులసిజాతి ఆకులును వేరు పళ్ళెమున వచ్చును. కావున ఏ అంగడి మేలో తీర్పు చెప్పుటకు ముందు, అచటిది ఉత్తరపు ఫోయో దక్షిణపు ఫోయో అడిగి తెలిసికొనుడు.