నాడీ గడియారం కథ

పూర్వం వైద్యుడు రోగి ఇంటికి రాగానే చేసే మొదటి పని చేయి పట్టుకొని చూడడం. మూడు వేళ్ళు మణికట్టుపై ఆనించి, కన్నులు అరమూసి, కొంతసేపు మాటాడక కూర్చునేవాడు. నేడు ఎలమంచిలి చుట్టుపట్ల తెల్లవారుజామున పరుగు తీసే యువకులలో కొందరి మణికట్టుపై ఆ వేళ్ళ పని చేసే గడియారం ఒకటి కనిపిస్తున్నది. వేళతో పాటు, గుండె నిమిషానికి ఎన్నిమారులు కొట్టుకొంటున్నదో అది అంకెలలో చూపుతుంది. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో తెలియాలంటే, అది పుట్టిన విధం తెలియాలి.

ఆంధ్రదేశంలో వైద్యులు ఎక్కువగా ఆధారపడిన గ్రంథాలలో బసవరాజీయం ఒకటి. నాడీ పరీక్ష అందులో తొలి ప్రకరణంలోనే వస్తుంది. అయితే మన ప్రాచీనులు నాడిని లెక్కించలేదు. దాని నడకను గమనించారు. వాతనాడి పాము వలె, పిత్తనాడి కప్ప వలె, కఫనాడి హంస వలె నడుస్తుందన్నారు. లెక్కకు పూనుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఘడియ అనగా 24 నిమిషాలు, విఘడియ అనగా 24 సెకండ్లు. గిన్నెకు రంధ్రం చేసి నీట వదిలి ఘడియలు కొలిచేవారే గాని, సెకండును చూపే సాధనం వైద్యుని చేతిలో లేదు.

లెక్కకు తొలి ప్రయత్నం క్రీస్తుకు పూర్వం సుమారు 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో జరిగింది. హెరోఫిలస్ అనే వైద్యుడు నీటి గడియారాన్ని రోగి వద్దకు తీసుకొనిపోయి, వయస్సును బట్టి నాడి ఎట్లా మారుతుందో చూశాడని చెబుతారు. ఆ తరువాత చాలా కాలం ఈ మార్గంలో పెద్దగా ప్రగతి కనిపించదు.

17వ శతాబ్ది ఆరంభంలో ఇటలీ వైద్యుడు సాంటోరియో ఒక చక్కని ఉపాయం పన్నాడు. దారానికి గుండు కట్టి ఊపాడు. దారాన్ని పొడిగించినా, కుదించినా ఊపు మారుతుంది గదా! లోలకం నాడితో కలిసి ఊగే వరకు దారాన్ని సవరించి, ఆ పొడుగును గుర్తించుకొన్నాడు. దీనిని పాఠశాలలో సులభంగా చేసి చూపవచ్చు. గుండు ఒక కొసనుంచి మరొక కొసకు పోవడాన్ని ఒక దెబ్బగా ఎంచితే, నిమిషానికి 60 దెబ్బలకు సుమారు 99 సెంటీమీటర్ల దారం కావాలి. 120 దెబ్బలకు దాదాపు 25 సెంటీమీటర్లు చాలు. దారం నాలుగోవంతు కాగా వేగం రెట్టింపైనదన్న మాట. సాంటోరియో ఇందులో నిమిషాలను వాడలేదు. రోగి ఆరోగ్యంగా ఉన్ననాటి దారం పొడుగుతో జబ్బునాటి పొడుగును పోల్చాడు. అనగా ఒక మనిషిని అదే మనిషితో పోల్చాడు. ఈ చరిత్ర అంతటిలోనూ మెచ్చదగిన ఆలోచన ఇదే అనిపిస్తుంది.

1707లో ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ సరిగా ఒక నిమిషం నడిచి ఆగిపోయే గడియారాన్ని నాడి కొరకే చేయించాడు. నిమిషానికి ఇన్ని దెబ్బలు అని చెప్పే పద్ధతి అట్లా బలపడింది.

ఇదంతా కదలక కూర్చున్నవాని నాడి సంగతి. పరుగెత్తేవాని నాడిని పట్టుకొనేది ఎట్లా? దానికి గుండెలోని విద్యుత్తు తోడ్పడింది. 1901లో డచ్చి శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్ ఆ స్వల్ప విద్యుత్తును గుర్తించగల గాల్వనామీటరును నిర్మించాడు. రోగి చేతులు, కాలు ఉప్పునీటి తొట్టెలలో ముంచి కూర్చోవాలి. యంత్రం బరువు సుమారు 270 కిలోగ్రాములు. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. 1940ల చివర అమెరికాలో హోల్టర్ ఈ సంకేతాన్ని రేడియో ద్వారా పంపగలిగాడు గాని, వీపున మోయవలసిన సరంజామా సుమారు 38 కిలోగ్రాములు తూగింది! ఫిన్లండులోని ఊలు విశ్వవిద్యాలయ ఆచార్యుడు సెప్పో సాయ్‌నాయకంగాస్ 1977లో పోలార్ సంస్థను నెలకొల్పాడు. 1982లో ఆ సంస్థ ఛాతీకి కట్టే పట్టీ నుంచి మణికట్టు గడియారానికి తీగ లేకుండా సంకేతం అందించే సాధనాన్ని అమ్మకానికి తెచ్చింది. ఐంథోవెన్ తొట్టెలలోని ఉప్పునీటి పనిని ఇక్కడ చెమట చేస్తుంది. అందుకే పట్టీని కట్టుకొనే ముందు కాస్త తడపాలి.

నేటి గడియారాలలో పెక్కింటికి పట్టీ అక్కరలేదు. అడుగున ఆకుపచ్చని కాంతి మెరుస్తుంటుంది. నెత్తురు ఆ కాంతిని బాగా పీల్చుకొంటుంది. గుండె కొట్టినప్పుడల్లా చర్మంలోని నాళాలలో నెత్తురు హెచ్చి, తిరిగి వచ్చే కాంతి తగ్గుతుంది. కాంతితో నాడిని పట్టే ఈ పద్ధతిని 1930లలోనే హెర్ట్జ్‌మన్ పరిశోధించాడు. దీనిలో చిక్కులు లేకపోలేదు. గడియారం వదులుగా ఉంటే చేతి ఊపును గుండె దెబ్బగా పొరబడి, అడుగుల లెక్కనే నాడిగా చూపవచ్చు. కింద పచ్చబొట్టు ఉంటే కాంతికి అడ్డు తగులుతుంది. నిదానంగా పరుగెత్తేవారికి ఇది చాలు. వేగం మార్చి మార్చి సాధన చేసేవారు ఛాతీ పట్టీ గలదానిని ఎన్నుకోవడమే మేలు.

ఇక అంకె కనబడిన తరువాత దానికి అర్థమేమిటి? 220 నుంచి వయస్సును తీసివేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందని అందరూ వల్లిస్తారు. 1971లో వెలువడిన ఈ సూత్రం వెనుక ప్రత్యేకంగా చేసిన ప్రయోగం లేదు. అప్పటికి ఉన్న కొన్ని ఫలితాలను చూసి గీసిన ఉజ్జాయింపు గీత అది. 2001లో తనకా బృందం వయస్సును 0.7తో గుణించి 208 నుంచి తీసివేయమన్నది. నలభై ఏళ్ళవానికి రెండూ 180 అనే చెబుతాయి. ఇరవై ఏళ్ళవానికి 200, 194 అని విడిపోతాయి. ఏ సూత్రమైనా ఒక్కొక్కరి విషయంలో పది దెబ్బలకు పైగా తప్పవచ్చు. ఇంతకన్న 1957లో ఫిన్లండువాడైన కార్వోనెన్ చూపిన దారి నయం. నిద్ర లేవగానే నాడిని లెక్కించాలి. గరిష్ఠం 194, విశ్రాంతి నాడి 64 అయితే తేడా 130. అందులో నూటికి 60 వంతులు 78. దానిని 64తో కూడితే 142. ఓ మోస్తరు శ్రమకు ఇది గుర్తు. విశ్రాంతి నాడి 52 గల స్నేహితునికి ఇదే లెక్కన 137 వస్తుంది. ఒకరి అంకె మరొకరికి పనికిరాదు.

పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు మగవారు 1600 మీటర్లు 8 నిమిషాలలో పరుగెత్తాలి. దానికై సాధన చేసే మన కోస్తా యువకులకు ఇంకొక సంగతి తెలియాలి. సముద్రతీరపు ఉక్కలో చెమట ఆరదు. శరీరాన్ని చల్లబరచడానికి నెత్తురు చర్మానికి మళ్ళుతుంది. చెమట వల్ల నెత్తురులోని నీరూ తగ్గుతుంది. గుండె ఒక్కొక్క దెబ్బకు పంపే నెత్తురు తగ్గగా, దెబ్బల సంఖ్యను పెంచి సరిచేసుకొంటుంది. కనుక ఎలమంచిలిలో మే నెలలో కనిపించే అంకె, అదే వేగానికి డిసెంబరులో కనిపించేదానికన్న ఎక్కువ. దానిని చూసి సత్తువ తగ్గిందని బెంగపడి ఇంకా వేగం పెంచడం ప్రమాదం. వేగం తగ్గించి, నీరు తాగాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే గడియారం ఏమి చూపినా పరుగు ఆపి వైద్యుని చూడవలసిందే.

కొత్త గడియారాన్ని పరీక్షించడానికి ఖర్చేమీ లేదు. పరుగు ఆపిన వెంటనే మణికట్టున మూడు వేళ్ళు ఉంచి, 15 సెకండ్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. ఆలస్యమైతే నాడి దిగిపోతుంది గనుక అంతకన్న ఎక్కువసేపు లెక్కించరాదు. వారంపాటు రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకొంటే, గడియారం ఎప్పుడెప్పుడు తప్పుతున్నదో బయటపడుతుంది.