గోదావరి లోయలో వేడినీటి ఊటలు

మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున నిజామాబాదు, బోధను ప్రాంతపు పల్లెల్లో బావినీళ్ళు చేదుకునేవారికి ఒక సంగతి అనుభవమే. గాలి వణికిస్తూ ఉంటుంది. చేదతో పైకి వచ్చిన నీరు మాత్రం చేతికి గోరువెచ్చగా తగులుతుంది. దానిమీద సన్నని ఆవిరి కూడా లేస్తుంది. వైశాఖమాసపు మధ్యాహ్నం అదే బావి నీరు చల్లగా, హాయిగా ఉంటుంది. బావి చలికాలంలో వేడిని, ఎండకాలంలో చలువను ఇస్తుందని పెద్దలు అంటారు.

ఉష్ణమాపకాన్ని ఆ నీటిలో ముంచి చూస్తే సంగతి వేరుగా తేలుతుంది. రెండు ఋతువుల్లోనూ అది ఇంచుమించు ఒకే అంకె చూపుతుంది. మారినది బావినీరు కాదు. చుట్టూ ఉన్న గాలి, దానికి అలవాటుపడిన మన చేయి. నేలలో కొన్ని మీటర్ల లోతున ఎండా చలీ చొరవు. అక్కడి ఉష్ణోగ్రత ఆ ఊరి సంవత్సరపు సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. నిజామాబాదు ప్రాంతంలో అది సుమారు 27 సెంటీగ్రేడు డిగ్రీలు. ఏ ఊట నీరు ఆ సగటును మించి ఏడాది పొడుగునా వేడిగా ఉంటుందో దానినే శాస్త్రజ్ఞులు వేడినీటి ఊట అంటారు. దానికి సాక్షి ఉష్ణమాపకమే గాని చేయి కాదు.

పోచంపాడు చుట్టుప్రక్కల చెప్పుకోదగిన వేడినీటి ఊట లేదు. ఇక్కడినుంచి నిర్మల్, ఆదిలాబాదు దాటి పోతే మాత్రం ఒకటి కలదు. గోదావరి వెంట చాలా దూరం దిగువకు పోతే మరొకటి కలదు. ఆ రెండుచోట్ల వేడినీరు ఎందుకు ఉన్నది, మధ్యనున్న పోచంపాడులో ఎందుకు లేదు అన్న ప్రశ్నకు సమాధానం వెదికితే, ఈ ఊటల చరిత్రతోపాటు ఈ నేల చరిత్ర కూడా తెలుస్తుంది.

యాత్రికుల ఊటలు

మొదటిది ఉన్కేశ్వర్. ఇది నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో, పెన్‌గంగ పరీవాహక ప్రదేశంలో ఉన్నది. 1956 వరకు నాందేడ్, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాలు మూడూ హైదరాబాదు రాష్ట్రంలోనివే కనుక, ఈ ప్రాంతపు తెలుగువారికి అది పొరుగు రాష్ట్రపు క్షేత్రం కాదు, పొరుగు జిల్లా క్షేత్రమే. మరాఠీలో ‘ఊన్’ అంటే ఎండ, వేడిమి. వేడినీటి ఒడ్డున వెలసిన ఈశ్వరుడు ఉన్కేశ్వరుడు. శరభంగ మహర్షి దేహబాధను తీర్చడానికి శ్రీరాముడు బాణంతో నేలను చీల్చి ఈ నీటిని పైకి తెచ్చినాడని స్థలపురాణం. ఇక్కడి నీటి ఉష్ణోగ్రత సుమారు 42 డిగ్రీలు. స్నానానికి సరిపడే వేడి.

రెండవది భద్రాచలానికి సుమారు 5 కిలోమీటర్ల దూరాన గోదావరి ఒడ్డున ఉన్న గుండాల. ఇక్కడ గట్టు కట్టిన కొలను ఏదీ యాత్రికునికి ఎదురురాదు. నది తగ్గిన కాలంలో ఒడ్డున ఇసుకలో గుంట తవ్వితే వేడినీరు ఊరుతుంది. ప్రక్కనే ప్రవహించే గోదావరి నీరు చల్లన, అడుగుల దూరంలో గుంటలోని నీరు వేడి. వరద వచ్చినప్పుడు గుంటలు పూడిపోతాయి, మళ్ళీ తవ్వుకోవాలి. ఈ చోటును ఉష్ణగుండం అంటారు. చలికాలంలో త్రిమూర్తులు ఇక్కడ స్నానమాడేవారని జనశ్రుతి. భద్రాచల రాముని దర్శనానికి వచ్చినవారు దీనినీ చూచి పోవడం ఆచారం. 2014లో రాష్ట్ర విభజన సందర్భంలో భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగలగా, గుండాల గ్రామం ఆంధ్రప్రదేశ్‌లో చేరినది.

రెండు కథల్లోనూ ఒక పోలిక గమనించదగినది. నేల చీలితే నీరు వచ్చినదని ఒక కథ అంటుంది. మరొక చోట మనుషులే నేల తవ్వి నీరు తీస్తున్నారు. వేడినీటికి దారి కావాలన్న సంగతిని యాత్రికులు ఏనాడో గ్రహించినారు. ఆ దారి ఎంత లోతుది, వేడి ఎక్కడిది అన్న ప్రశ్నలే తరువాతివారికి మిగిలినాయి.

రోగుల ఆశ

ఈ ఊటలకు వచ్చేవారిలో పుణ్యం కోరేవారితోపాటు ఆరోగ్యం కోరేవారూ ఉంటారు. గంధకపు వాసన గల వేడినీరు చర్మవ్యాధులను పోగొడుతుందన్న నమ్మకం మన దేశంలోనే కాదు, జపాను నుంచి ఇటలీ వరకు ఉన్నది. ఇందులో కొంత నిజం ఉన్నది. వేడినీటిలో కూర్చుంటే కండరాలు సడలుతాయి, కీళ్ళనొప్పులు కొంతసేపు తగ్గుతాయి, చర్మం శుభ్రపడుతుంది. అయితే ఆ నమ్మకం కుష్ఠువంటి వ్యాధిదాకా సాగినప్పుడు ప్రమాదం మొదలవుతుంది. కుష్ఠువు సూక్ష్మజీవివల్ల కలిగే వ్యాధి అని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. నరాల లోపల దాగిన ఆ జీవిని 42 డిగ్రీల నీరు ఏమీ చేయలేదు.

ఈ విషయంలో నిజామాబాదు జిల్లాకు ఒక ప్రత్యేక చరిత్ర ఉన్నది. స్కాట్లండుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిజామాబాదు సమీపాన డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యశాల స్థాపించినారు. 1915లో ప్రారంభమైన ఆ సంస్థకు రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చినాడు. ఆ రోజుల్లో లభించిన మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. దానిని సూదిమందుగా ఎక్కించేవారు. చికిత్స దీర్ఘమైనది, బాధాకరమైనది. అయినా రోగిని వెలివేయక మందిచ్చి కాపాడవచ్చునని ఆ వైద్యశాల చూపినది. 1940ల్లో సల్ఫోను మందులు వచ్చినాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక మందులను కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసినది. ఆ చికిత్సతో కుష్ఠు పూర్తిగా నయమవుతుంది. త్వరగా మొదలుపెడితే అంగవైకల్యం కూడా రాదు.

అందుచేత మచ్చ కనిపించినవాడు వేడినీటి స్నానాలను నమ్ముకొని కాలం గడిపితే పోయేది అతని వేళ్ళే. ఊటలో స్నానం చేయడం తప్పు కాదు. దానికోసం మందును ఆపడం తప్పు.

జాబితాలు వ్రాసినవారు

పంతొమ్మిదవ శతాబ్దిలో ఈ ఊటలను మూడవ రకం యాత్రికులు చూడసాగినారు. భారత భూగర్భ సర్వే తొలి అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ దేశంలోని వేడినీటి ఊటల వివరాలు సేకరించినాడు. అతడు 1878లో మరణించగా, కుమారుడు రిచర్డ్ ఆ జాబితాను సరిచూచి 1883లో ప్రచురించినాడు. అందులో సుమారు 300 ఊటలు ఉన్నాయి. భూకంప తరంగాలను పరిశీలించి, భూమి నడుమ ప్రత్యేకమైన గర్భం ఉన్నదని 1906లో నిరూపించినవాడు ఈ రిచర్డ్ ఓల్డ్‌హామే.

అదే కాలంలో విలియం కింగ్ గోదావరి లోయలో తిరుగుతున్నాడు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించినవాడు అతడే. ప్రాణహిత–గోదావరి లోయ భూగర్భాన్ని గురించిన అతని గ్రంథం 1881లో వెలువడినది. బొగ్గుకోసం వేసిన ఆ శిలాపటమే తరువాత వేడినీటి రహస్యానికి తాళపుచెవి అయినది.

వేడి ఎక్కడిది?

బోధనులో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడేదాకా చెరుకుపిప్పిని మండించి ఆవిరి పుట్టించిన సంగతి ఆ ప్రాంతంవారికి తెలుసు. ఇంధనం లేనిదే నీరు కాగదు. మరి ఊట క్రింద మండేదేమిటి?

ఉన్కేశ్వర్ పరిసరాల్లో నల్లని బసాల్టు రాయి ఉండడం చూచి, అగ్నిపర్వతపు వేడి ఇంకా మిగిలి ఉన్నదని కొందరు భావిస్తారు. అది సరికాదు. దక్కను పీఠభూమిని కప్పిన ఆ లావా పారినది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం. అది ఏనాడో చల్లబడినది. బోధను నల్లరేగడి నేలలు ఆ రాతి పొడే.

అసలు వేడి భూమి లోపలిదే. లోతుకు పోయినకొద్దీ ప్రతి కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత పెరుగుతుంది. శిలల్లోని యురేనియం, థోరియం, పొటాషియం మెల్లమెల్లగా విచ్ఛిన్నమై ఇచ్చే వేడి ఇందులో ఒక భాగం. భూమి పుట్టినప్పటినుంచి మిగిలిన వేడి మరొక భాగం. వాన నీరు పగుళ్ళగుండా లోతుకు దిగి, అక్కడ వేడెక్కి, మరొక పగులు దొరికితే చల్లబడేలోపల పైకి వస్తుంది. ఊట అంటే ఇంతే.

లెక్క సులభం. ఉన్కేశ్వర్ నీరు 42 డిగ్రీలు. నేల సగటు 27. హెచ్చు 15 డిగ్రీలు. కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున, ఆ నీరు కనీసం 500 లేక 600 మీటర్ల లోతు చూచి వచ్చి ఉండాలి. దారిలో కొంత వేడి పోతుంది, పైన చన్నీరు కలుస్తుంది కనుక అసలు లోతు ఇంకా ఎక్కువే కావాలి.

పోచంపాడులో ఎందుకు లేదు?

లోపలి వేడి అంతటా ఉన్నది, వాన అంతటా కురుస్తున్నది. లేనిదల్లా దారి. కందకుర్తి దగ్గర తెలంగాణలో ప్రవేశించిన గోదావరి పోచంపాడువద్ద అతి ప్రాచీనమైన గ్రానైటు నేలమీద పారుతుంది. ఆర్మూరు సిద్ధుల గుట్టమీద కనిపించే బండలు ఆ జాతివే. ఈ రాతి పైభాగంలో పగుళ్ళు ఉన్నాయి. బావులకు నీరిచ్చేవి అవే. లోతుకు పోయినకొద్దీ అవి మూసుకుపోతాయి. 1963 జులై 26న జవహర్లాల్ నెహ్రూ పోచంపాడు ఆనకట్టకు శంకుస్థాపన చేసినాడు. ఆనకట్ట కట్టేవాడు అతుకులేని గట్టిరాతిని వెదుకుతాడు. వేడినీటి ఊటకు లోతుగా చీలిన రాయి కావాలి. ఒకరికి మేలైన చోటు మరొకరికి పనికిరాదు.

గోదావరి మంచిర్యాల, రామగుండం ప్రాంతానికి చేరేసరికి నేల మారుతుంది. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం నుంచి అక్కడ వాయవ్యంనుంచి ఆగ్నేయానికి భూమి పొడుగ్గా చీలి క్రుంగినది. ఆ పల్లంలో ఇసుకరాయి, బొగ్గు పొరలు పేరుకున్నాయి. రెండు అంచుల్లోనూ లోతైన భ్రంశాలు ఉన్నాయి. గుండాల, మణుగూరు ఈ పల్లంలోనివే. ఆ భ్రంశాలు పూర్తిగా నిద్రపోలేదనడానికి 1969 ఏప్రిల్ 13న వచ్చిన భద్రాచలం భూకంపం సాక్ష్యం. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు గోదావరి లోయలోని బోరు రంధ్రాల్లో ఉష్ణోగ్రతలు కొలిచి, చుట్టూ ఉన్న ప్రాచీన శిలా ప్రదేశంకన్న ఈ లోయలో భూమినుంచి వెలువడే వేడి ఎక్కువని 1970లో ప్రకటించినారు.

ఎంత ఉపయోగం?

ఇటలీలో లార్దెరెల్లో వద్ద 1904లో భూమి ఆవిరితో అయిదు విద్యుద్దీపాలు వెలిగించినారు. అప్పటినుంచి వేడి ఊట ఉన్నచోటల్లా విద్యుత్తు ఆశ పుడుతూనే ఉన్నది. మణుగూరు సమీపంలో పగిడేరు వద్ద బొగ్గు అన్వేషణకు వేసిన బోరులనుంచి వేడినీరు తానే పొంగినది. సింగరేణి సంస్థ అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రాన్ని నెలకొల్పినది. ఈ నీరు ఆవిరి అయ్యేంత వేడి కాదు. అందువల్ల దానితో తక్కువ వేడికే మరిగే వేరొక ద్రవాన్ని మరిగించి, ఆ ఆవిరితో యంత్రం తిప్పుతారు. ఆవిరిని తిరిగి చల్లార్చి అదే ద్రవాన్ని మళ్ళీ వాడుతారు.

20 కిలోవాట్లు ఎంత? పోచంపాడు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 36 మెగావాట్లు, అంటే దానికి 1,800 రెట్లు. మణుగూరు దగ్గరి భద్రాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం 1,080 మెగావాట్లు, అంటే 54,000 రెట్లు. కనుక వేడినీటితో రేపే బొగ్గు అవసరం తీరుతుందనడం ఉన్కేశ్వర్ స్నానంతో కుష్ఠు పోతుందనడం వంటిదే. అయితే పగిడేరు ప్రయోగం విలువ దాని కిలోవాట్లలో లేదు. ఎండ లేని రాత్రి, వాన లేని ఏడు కూడా ఈ వేడి తగ్గదు. ధాన్యం, మిరప ఆరబెట్టడానికి ఇంతకన్న తక్కువ వేడి నీరు కూడా పనికివస్తుంది. 2022లో భూగర్భ సర్వే ప్రచురించిన పటంలో దేశంలో ఇటువంటి స్థలాలు 381 నమోదైనాయి. ఏది ఎంత ఇవ్వగలదో ఒక్కొక్కచోట కొలిచి చూడవలసినదే.

పోచంపాడు జలాశయంలో నిలిచే నీరు ఈ ఏటిదో నిరుటిదో అయిన వాన. గుండాల ఇసుకలో ఊరే నీరు కూడా వానే. కాని అది మన ఏ తాతల కాలంలో కురిసినదో! నేల లోతులు చూచి, అక్కడి వేడిని మోసుకొని వస్తున్నది. అక్కడికి పోయే యాత్రికుడు స్నానానికి ముందు ఒక ఉష్ణమాపకాన్ని ఆ గుంటలో ముంచి, అంకెను, తేదీని వ్రాసి ఉంచితే, ఓల్డ్‌హామ్ తండ్రీకొడుకులు ప్రారంభించిన పనికి తనవంతు చేర్చినవాడవుతాడు.