గ్రేట్ బేర్ సరస్సు పుట్టుపూర్వోత్తరాలు

కెనడా వాయవ్య భాగాన, ఆర్కిటిక్ వలయాన్ని దాటి పరచుకున్న మంచినీటి సరస్సు గ్రేట్ బేర్. పూర్తిగా కెనడా హద్దుల్లోనే ఉన్న సరస్సుల్లో ఇదే పెద్దది. వైశాల్యం సుమారు 31,000 చదరపు కిలోమీటర్లు, అత్యధిక లోతు 400 మీటర్లకు పైమాటే.

ఇంత లోతు మంచు తవ్వినదే. పూర్వం ఇక్కడ నదీలోయలు ఉండేవి. మంచుయుగంలో కిలోమీటరుకు మించిన మందాన పేరుకున్న మంచు మెల్లగా కదులుతూ వాటిని ఒరిపిడితో తొలిచింది. దాని బరువుకు నేల కూడా కుంగింది. మంచు కరిగే కాలంలో ఆ పల్లంలో మెక్కనెల్ అనే మహా సరస్సు ఏర్పడింది. నేటి గ్రేట్ బేర్, గ్రేట్ స్లేవ్, అథబాస్కా సరస్సులు అందులోవే. బరువు తొలగాక నేల మళ్లీ పైకి లేచింది, నీరు మూడుగా విడిపోయింది. ఇప్పటి ఒడ్డుకు ఎగువన మెట్లుమెట్లుగా కనిపించే గులకరాళ్ల దిబ్బలు ఆనాటి తీరరేఖలే.

సరస్సుకు ఐదు పాయలు. తూర్పున మెక్‌టావిష్ పాయ అతిప్రాచీనమైన కెనడియన్ షీల్డ్ శిలల మీద ఉంది. సరస్సులో అన్నిటికంటే లోతైన చోటు అక్కడే, ఒడ్డున నిటారు కొండచరియలు. పడమటి వైపు అవక్షేప శిలలు కావడంతో మైదానాలు విస్తరించాయి. చుట్టూ స్ప్రూస్ అడవి. ఉత్తరానికి వెళ్లేకొద్దీ చెట్లు గిడసబారి, పలచబడి, చివరికి టండ్రా మొదలవుతుంది.

నవంబరు చివర గడ్డకట్టిన నీరు పూర్తిగా కరిగేసరికి జులై వస్తుంది. పోషకాలు తక్కువ కాబట్టి నీరు తేటగా ఉంటుంది. ఆ చల్లదనంలో లేక్ ట్రౌట్ చేపలు చాలా నెమ్మదిగా ఎదుగుతాయి, ఏళ్ల తరబడి బతికి భారీగా పెరుగుతాయి. మిగులు నీరు గ్రేట్ బేర్ నది ద్వారా మెకంజీ నదిలో కలిసి ఆర్కిటిక్ మహాసముద్రం చేరుతుంది.

ఇది తరతరాలుగా సాహ్తూ డెనె ప్రజల వేటభూమి. బ్రిటిష్ అన్వేషకుడు జాన్ ఫ్రాంక్లిన్ బృందం 1825లో ఇక్కడ శీతాకాలపు విడిది కట్టుకుంది. 1930లో ఖనిజాన్వేషకుడు గిల్బర్ట్ లబైన్ తూర్పు తీరాన పిచ్‌బ్లెండ్ ఖనిజాన్ని కనుగొన్నాక పోర్ట్ రేడియం గని వెలిసింది. మొదట రేడియం కోసం తవ్వినా, రెండో ప్రపంచయుద్ధంలో అక్కడి యురేనియం అమెరికా అణుబాంబు పథకానికి చేరింది. ఖనిజపు బస్తాలు మోసినవారిలో డెనె కూలీలు కూడా ఉన్నారు. గని మూతపడినా వ్యర్థాల గురించిన ఆందోళన మిగిలింది.

నేడు తీరాన ఉన్న ఏకైక ఊరు డెలినె. 2016లో యునెస్కో ఈ సరస్సునూ పరిసరాలనూ త్సా తుయే జీవావరణ రిజర్వుగా గుర్తించింది. అదే ఏడాది డెలినె ప్రజల స్వపరిపాలన అమల్లోకి వచ్చింది.