యూ-2 గూఢచారి విమానం

యూ-2 అమెరికాకు చెందిన లాక్‌హీడ్ సంస్థ నిర్మించిన నిఘా విమానం. ఇది సుమారు 70,000 అడుగుల (21 కిలోమీటర్లు) ఎత్తున, అనగా ప్రయాణీకుల విమానాలకు దాదాపు రెట్టింపు ఎత్తున ఎగురుతూ నేలమీది సైనిక స్థావరాల ఛాయాచిత్రాలు తీస్తుంది. 1955 ఆగస్టులో ఇది మొదటిసారి ఎగిరింది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఊహాగానాల స్థానంలో ప్రత్యక్ష ఆధారాలను అందించిన సాధనంగానూ, అంతర్జాతీయ వివాదానికి కారణమైన విమానంగానూ చరిత్రలో నిలిచింది.

నేపథ్యం

1950వ దశకంలో సోవియట్ యూనియన్ వద్ద ఎన్ని బాంబర్లు ఉన్నాయో అమెరికాకు కచ్చితంగా తెలియదు. నిఘా ఉపగ్రహాలు అప్పటికి లేవు. మాస్కో సైనిక ప్రదర్శనలలో కనబడిన విమానాలను బట్టి కూడా అంచనాలు వేసేవారు. 1954 నవంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఈ విమాన నిర్మాణానికి అనుమతి ఇచ్చాడు. నిర్వహణ బాధ్యత గూఢచార సంస్థ సి.ఐ.ఏ.కు అప్పగించబడింది.

నిర్మాణం

దీని రూపకర్త క్లారెన్స్ (కెల్లీ) జాన్సన్. పలుచని గాలిలో తేలడానికి వీలుగా రెక్కలను చాలా పొడవుగా నిర్మించారు. తొలి నమూనాలో విమానం పొడవు సుమారు 50 అడుగులు కాగా, రెక్కల కొస నుండి కొసకు 80 అడుగులు. బరువు తగ్గించడానికి చక్రాలను సైకిలు చక్రాల వలె ఒకదాని వెనుక ఒకటి అమర్చారు. అంత ఎత్తున వాయుపీడనం అతి తక్కువ కనుక, రక్షణ లేకపోతే శరీరంలోని ద్రవాలు ఆవిరికాసాగుతాయి. అందువలన పైలట్ ప్రత్యేకమైన పీడన దుస్తులు ధరించాలి.

సోవియట్ గగనతలంలో

1956 జూలై 4న యూ-2 మొదటిసారి సోవియట్ భూభాగం మీదుగా ఎగిరింది. రాడార్లు దీనిని గుర్తించినా, యుద్ధవిమానాలు అంత ఎత్తుకు చేరలేకపోయాయి. బాంబర్ల సంఖ్యలో సోవియట్‌దే పైచేయి అన్న భయం నిరాధారమని ఈ చిత్రాల వలన తేలింది.

1960 మే 1న పాకిస్తాన్‌లోని పెషావర్ నుండి బయలుదేరిన యూ-2ను స్వెర్ద్‌లోవ్‌స్క్ సమీపంలో క్షిపణితో కూల్చివేశారు. అది దారి తప్పిన వాతావరణ పరిశోధన విమానమని అమెరికా ప్రకటించింది. పైలట్ ఫ్రాన్సిస్ గారీ పవర్స్ సజీవంగా పట్టుబడ్డాడని క్రుశ్చేవ్ వెల్లడించడంతో ఆ అబద్ధం బయటపడింది. పారిస్ శిఖరాగ్ర సమావేశం భగ్నమైంది. సోవియట్ గగనతలంలో యూ-2 ప్రయాణాలు నిలిచిపోయాయి. పదేళ్ళ శిక్ష పడిన పవర్స్, 1962 ఫిబ్రవరిలో సోవియట్ గూఢచారి రుడాల్ఫ్ ఆబెల్‌కు బదులుగా విడుదలయ్యాడు.

క్యూబా సంక్షోభం

1962 అక్టోబరు 14న యూ-2 తీసిన చిత్రాలలో క్యూబాలోని సోవియట్ క్షిపణి స్థావరాలు కనిపించాయి. అధ్యక్షుడు కెన్నెడీ వాటిని అక్టోబరు 16న చూశాడు. తరువాత వాటిని భద్రతా మండలిలో ప్రదర్శించారు. అక్టోబరు 27న క్యూబాపై ఒక యూ-2 కూల్చివేయబడి, పైలట్ రుడాల్ఫ్ ఆండర్సన్ మరణించాడు. మరునాడు క్షిపణులను తొలగించడానికి క్రుశ్చేవ్ అంగీకరించాడు.

భారతదేశంతో సంబంధం

1962 చైనా యుద్ధం తరువాత, సరిహద్దులో చైనా కదలికలను పరిశీలించడానికి యూ-2 ప్రయాణాలను నెహ్రూ ప్రభుత్వం అనుమతించింది. ఒడిషాలో కటక్ సమీపంలోని చార్‌బాటియా స్థావరం నుండి తొలి ప్రయాణం 1964 మే 24న జరిగింది. మూడు రోజులకే నెహ్రూ మరణించడంతో ఈ కార్యక్రమం వాయిదా పడి, అదే సంవత్సరం డిసెంబరులో తిరిగి సాగింది. ఈ వివరాలు 2013లో విడుదలైన సి.ఐ.ఏ. పత్రాలలో ఉన్నాయి.

తరువాతి కాలం

1960 ఆగస్టులో విజయవంతమైన కరోనా ఉపగ్రహం, అంతకుముందు సోవియట్‌పై సాగిన యూ-2 ప్రయాణాలన్నింటి కంటే ఎక్కువ ప్రాంతాన్ని ఒకేసారి చిత్రీకరించింది. అయినా యూ-2 అవసరం తీరిపోలేదు. ఉపగ్రహం వచ్చే వేళను ముందుగా లెక్కకట్టవచ్చు. విమానాన్ని కోరిన వేళకు పంపవచ్చు. 2023 ఫిబ్రవరిలో అమెరికా మీదుగా సాగిన చైనా బెలూన్‌ను కూడా యూ-2 నుండి చిత్రీకరించారు. దీని పౌర రూపమైన ఈఆర్-2తో నాసా 1987లో అంటార్కిటికా ఓజోన్ పొర క్షీణతను పరిశోధించింది.