తంతి తెచ్చిన మాట



మా సీమను నడిగడ్డ అందురు. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర, నడుమ మేము. మా ధరూరు గద్వాలకు సమీపమున నున్నది. ఒకప్పుడు ఊరికి తంతి వచ్చినదన్న వీధి యంతయు ఉలికిపడెడిది. విప్పి చదువుటకు ముందే ఏడ్పులు మొదలయిన ఇండ్లను నేనెరుగుదును. 2013 జూలై 14 రాత్రితో మన దేశమున ఆ సేవ ముగిసినది. నేటి పిల్లలకు తంతి యనగా వీణకు కట్టునది మాత్రమే.

నిజమునకు ఆ మాట వీణనుండియే వచ్చినది. సంస్కృత 'తంత్రి'కి వికృతి 'తంతి'. గ్రీకు పదములనుండి పుట్టిన 'టెలిగ్రాఫు'నకు దూరలేఖనమని అర్థము. మనవారు లేఖనమును విడిచి తీగను పట్టుకొనిరి. మా తాతలు ఉర్దూమాటతో 'తార్' అనెడివారు. దానికిని తీగయే అర్థము. తీగ మన కంటికి కనబడినది. దానిలో నడచిన లిపి మాత్రము మనది కాదు. నేడు చెప్పదలచినది ఆ సంగతియే.

1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించు తీగ చెంత దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుటను లోకమునకు వెల్లడించెను. ముల్లు తిరిగినచో దానిచే సంజ్ఞ చేయవచ్చును గదా! ఆ దారిని నడచిన కుక్, వీట్‌స్టన్ అను ఇరువురు 1837లో ఇంగ్లండున తమ యంత్రమునకు పేటెంటు పొందిరి. అమెరికాలో మోర్సు 1844 మే 24న వాషింగ్టనునుండి బాల్టిమోరునకు సందేశము పంపెను.

ఈ రెండు ఘట్టముల నడుమ, 1839లోనే, కలకత్తాలో ఒక ప్రయోగము జరిగినదని మన పాఠ్యపుస్తకములు అంతగా చెప్పవు. చేసినవాడు విలియం బ్రూక్ ఓషానెస్సీ. ఐర్లండునుండి వచ్చిన వైద్యుడు, కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రాచార్యుడు. ఆయన వెదురు గడలపై 21 మైళ్ళ తీగను చుట్లుచుట్లుగా కట్టించెను. విద్యుత్తు తిరిగి వచ్చుటకు రెండవ తీగ యుండవలెను. దానికి బదులుగా హుగ్లీ నది నీటినే వాడి చూచెను. సంజ్ఞను గ్రహించుటకు వ్రేళ్ళకు తగులు స్వల్పమైన విద్యుదాఘాతములనే గురుతుగా గైకొనెను. ఆనాడు కుంఫిణీవారు దీనిని పట్టించుకొనలేదు.

పదకొండేండ్ల తరువాత డల్హౌసీ కాలమున అదృష్టము తిరిగినది. 1850లో కలకత్తానుండి డైమండు హార్బరునకు తీగ వేయుట మొదలయినది. 1853 నవంబరులో పెద్ద పని ఆరంభమయి, 1855 ఫిబ్రవరి నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరములను కలుపు తంతి ప్రజలకు తెరువబడినది. మద్రాసు తీగ బొంబాయినుండి పూనా, బళ్ళారి, బెంగుళూరుల మీదుగా వచ్చినది. అనగా కలకత్తావాడు మద్రాసువానితో మాటలాడవలెనన్న ఆ మాట ఆగ్రాకు, బొంబాయికి పోయి, కృష్ణా తుంగభద్రలను దాటి రావలెను. కోతులు, గ్రద్దలు వ్రాలినను తెగకుండ ఓషానెస్సీ లావైన ఇనుప కడ్డీలను ఎన్నుకొనెను. చెదపురుగు కొయ్యను తినుచుండుటచే కొన్ని తావుల రాతి స్తంభములను నిలిపిరి.

ఇంత శ్రమ ఎవరి కొరకు? 400 మైళ్ళ దూరమునకు 16 మాటలకు ఒక రూపాయి సుంకము. నాటి కూలివానికి అది అందునది కాదు. 1857 మే 11న ఢిల్లీ తంతి కార్యాలయమునుండి అంబాలాకు తిరుగుబాటు వార్త పోయెను. నిజాము చేజారినచో సర్వమును పోయినట్లేయని బొంబాయి గవర్నరు హైదరాబాదు రెసిడెంటునకు తంతి పంపెను. జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ రెసిడెన్సీపై దాడి చేసిరి, దాడి విఫలమయినది. తీగ ఏలువాని చేతిలోనుండెను, ఏలువాని భాషను పలికెను.

ఆ మీద మోర్సు చుక్కలు, గీతలు వచ్చినవి. అవి ఆంగ్లాక్షరములకు తగినట్లు కూర్చినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1949లో దేవనాగరి లిపిలో హిందీ తంతులు మొదలయినవి. మేము మాత్రము తెలుగుమాటను ఆంగ్లాక్షరములలో వ్రాసి ఇచ్చెడివారము. హ్రస్వదీర్ఘములు లేవు, లకార ళకార భేదము లేదు.

దాని ఫలమును నేను చూచితిని. 1985 ప్రాంతమున, కొత్తగా తెలుగు పండితునిగా చేరిన దినములవి. మా వీధి పెద్దమ్మ ఒకతె కాగితము పట్టుకొని వచ్చినది. "సారూ, తార్ వచ్చింది, జర సదివి చెప్పుండ్రి" అన్నది. ఆమె కొడుకు కర్నూలులో పని చేయుచుండెను. తోడి పనివాడు, మా ఊరివాడే, పంపిన తంతి అది. అందలి ఆంగ్లాక్షరములను కూడబలుకుకొన్నచో "కల్లు ఆపరేషను, రండి" అని వచ్చును. కల్లు కాదు, కళ్ళు కావచ్చును, కాళ్ళు కావచ్చును. ఆ పిల్లవానికి కంటిజబ్బు కలదని నేనెరుగుదును. "కళ్ళకు చికిత్సమ్మా, భయపడకు" అంటిని. "కండ్లకేనా సారూ?" అని ఆమె మరల అడిగినది. ఔనంటిని.

వేరుశనగ పీకుట ముగించుకొని మూడవనాడు వెళ్ళిరి. లారీ క్రింద పడి అతని కాళ్ళు నలిగినవి. ఒక కాలు మోకాలివరకు తీసివేసిరి. బ్రతికినాడు. తల్లి నన్నొక మాట యనలేదు.

సమాధానము ఆమె ప్రశ్నలోనే కలదు. మా సీమవాడు కన్నులను 'కండ్లు' అనును గాని 'కళ్ళు' అనడు. పంపినవాడు మా ఊరివాడే. కన్నులే అయినచో ఆ అక్షరములలో డకారము కనబడవలసియుండెను. ఒక దీర్ఘమును తీగ మింగినది. మిగిలిన ఆనవాలును, పుస్తకపు తెలుగు తలకెక్కిన నేను విడిచితిని.

1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగునకు చోటు దొరకినది. ఇపుడు కళ్ళు కళ్ళుగా, కాళ్ళు కాళ్ళుగా దేశములు దాటి పోగలవు. అయినను ఆంగ్లాక్షరములతో తెలుగు పంపు అలవాటు పోలేదు. పిల్లలపై నాకు కోపము లేదు. తల్లికి చేరవలసిన మాట అయినపుడు మాత్రము, నాయనలారా, తెలుగులో వ్రాయుడు. ఆ తల్లి పలుకు తెలుగులో వ్రాయుడు.

సెలవు.