తాత జైలు కాగితం ఏ జిల్లాలో ఉంది?

పెదనందిపాడు వైపు పాత ఇళ్లలో, వసారా గోడమీద ఫొటోల పక్కన ఒక్కోచోట రాగిరేకు కనబడుతుంది. 1972లో, స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండిన ఏడు, సమరయోధులకి ఇచ్చిన తామ్రపత్రం అది. అది లేని ఇంట్లో ‘మా తాత జైలుకెళ్లాడంట’ అన్న మాటే మిగులుతుంది.

ఆ మాట పట్టుకుని కాగితం వెతకబోతే మొదటి తికమక జిల్లాతోనే. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లా. 2022కి ముందు ప్రకాశం. 1970కి ముందు గుంటూరు. అప్పటి లెక్కన కందుకూరు వాళ్లని నెల్లూరులో, మార్కాపురం వాళ్లని కర్నూలులో వెతకాలి. శిక్ష గుంటూరులో పడినా మనిషిని రాజమండ్రికో వేలూరుకో పంపేవారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు దస్త్రాలు కొన్ని చెన్నై ఎగ్మూరులోనే ఉండిపోయాయి. ఇక పేరు సంగతి సరేసరి. ఇంటిపేరు ఒంటి ఇంగ్లీషు అక్షరంగా కుంచించుకుపోతే ఊరికి పదిమంది వెంకయ్యలు తేలతారు. తండ్రి పేరు, ఊరు రెండూ కలిస్తేనే నమ్మాలి.

జైలు రికార్డు దొరక్కపోతే, గుర్తింపు పొందిన సహఖైదీ ఇచ్చిన ధ్రువపత్రం సమరయోధుల పింఛనుకి ఆధారమయ్యేది. ఐర్లండు స్వాతంత్ర్య సమరయోధులదీ ఇంచుమించు ఇదే తంతు. 1924, 1934 చట్టాల కింద పింఛను అడిగినవాళ్ల సేవకి పాత దళనాయకులు సాక్ష్యం చెప్పాల్సి వచ్చేది. ఆ దరఖాస్తులే నేడు డబ్లిన్ సైనిక దస్త్రాల భాండాగారంలో మనవలకి దొరుకుతున్నాయి.  

మన కాగితం మాత్రం జైలునే ఎక్కువ గుర్తుపెట్టుకుంది. 1972 పింఛను పథకంలో జైలు పేరిట అడిగేవాళ్లకి కనీసం ఆరునెలల జైలు ఉండాలన్నారు; ఆడవాళ్లకి అది మూడుకి తగ్గింది 1980లో. మరి పన్ను కట్టనందుకు పశువుల్ని జప్తుకి వదులుకున్న పెదనందిపాడు రైతు ఏ రిజిస్టరులోకి ఎక్కాలి?

చీరాల, పేరాల జనం 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టబోమని ఇళ్లు విడిచి ఊరిబయట రామనగరంలో పాకలేసుకుని దాదాపు 11 నెలలున్నారు. వాళ్లని నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యకి ఏడాది శిక్ష పడింది, తిరుచిరాపల్లి జైల్లో ఉన్నారు. ఆయన జాడ దస్త్రంలో దొరుకుతుంది. ఆ పాకల ముందు మూడురాళ్ల పొయ్యి వెలిగించిన నేతగత్తె పేరు కావాలంటే ఆమె మనవరాలినే అడగాలి.